సీఎస్ఐ సంఘం పుట్టినరోజు సెప్టెంబరు 27నే ఎందుకు?

మా గుడి వందేళ్ల నాటిది, మరి సీఎస్ఐకి, అంటే దక్షిణ ఇండియా సంఘం అనే క్రైస్తవ సంఘానికి, 2022లో 75 ఏళ్లు ఎలా అని ఒకరు అడిగారు. గుడి వయసు వేరు, సంఘం వయసు వేరు. మెదక్ చర్చి 1924లో ప్రారంభమైంది, అప్పుడది మెథడిస్టులది. డోర్నకల్ సంఘం ఆంగ్లికన్లది, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయం వారిది. ఈ రెండు శాఖలూ, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ముందే కలిసి ఏర్పరచుకున్న దక్షిణ భారత ఐక్య సంఘమూ 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఒక్కటయ్యాయి. అదే సీఎస్ఐ.

కలవాలన్న మాటలు మొదలైంది 1919లో, తమిళనాడులోని తరంగంబాడిలో. 28 ఏళ్లు ఎందుకు పట్టిందంటే, పెద్ద చిక్కు బిషప్పుల దగ్గరే. ఆంగ్లికన్లకు బిషప్ చేయి ఉంచి అభిషేకిస్తేనే పాస్టరు. మిగతావారికి ఆ పట్టింపు లేదు. చివరికి బిషప్పులు ఉంటారు, కానీ అప్పటికే సేవలో ఉన్న పాస్టర్లకు మళ్లీ అభిషేకం అక్కర్లేదు అని ఒప్పుకున్నారు. ఎవరి సేవనూ తక్కువ చేయని ఆ నిర్ణయమంటే నాకు చాలా గౌరవం.

ఈ కలయిక కోసం ఇంత శ్రమపడిన డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య మాత్రం ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఈసారి గుడికి వెళ్లినప్పుడు సీఎస్ఐ చిహ్నం గమనించండి: సిలువ, దాని వెనక తామర రేకులు.