దానిమ్మ రకం మారితే గింజల నూనెలోని కొవ్వు ఆమ్లాలు కూడా మారతాయా?

మారతాయి, కానీ నూనె స్వభావం మారదు. ఎర్రని రసపు పొర కింద పంటికి గట్టిగా తగిలే విత్తనంలో ఉండే ఈ నూనెలో ఏ రకంలోనైనా పైచేయి ప్యూనిసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లానిదే. సాధారణంగా అది మొత్తం కొవ్వు ఆమ్లాలలో 65 నుంచి 80 శాతం వరకు ఉంటుంది. మిగిలిన భాగాన్ని లినోలిక్, ఓలిక్, పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు కొద్దికొద్దిగా పంచుకుంటాయి.

అవిసె నూనెలోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంలాగే ప్యూనిసిక్ ఆమ్లంలోనూ 18 కర్బన పరమాణువులు, 3 ద్విబంధాలు ఉంటాయి. అయితే ఇక్కడ ఆ ద్విబంధాలు 9, 11, 13 స్థానాలలో ఒకటి విడిచి ఒకటిగా వరుసగా ఉండడం వల్ల ఈ నూనె గాలి, వెలుతురు తగిలితే త్వరగా చెడిపోతుంది.

రకాల మధ్య తేడాకు మూలం విత్తనం లోపలే ఉంది. అక్కడి ఒక ఎంజైము లినోలిక్ ఆమ్లాన్నే ప్యూనిసిక్ ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి, ఆ మార్పిడి బాగా జరిగిన విత్తనంలో ప్యూనిసిక్ పెరిగి, లినోలిక్, ఓలిక్ ఆమ్లాల వాటా తగ్గుతుంది. కాయ పక్వత, పెరిగిన వాతావరణం కూడా ఈ నిష్పత్తిని కదిలిస్తాయి.

నా దృష్టిలో చాలామంది పట్టించుకోని విషయం పరీక్షా పద్ధతి. విశ్లేషణకు ముందు నూనెను ఆమ్ల ఉత్ప్రేరకంతో వేడిచేస్తే ప్యూనిసిక్‌లో కొంత దాని సాదృశ్యాలుగా (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపాలుగా) మారిపోయి, అసలు కంటే తక్కువగా నమోదవుతుంది. అందుకే వేర్వేరు పద్ధతులలో వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి, ఫలానా రకం మేలని తేల్చడం సరికాదు.