పచ్చి కట్టె, తడి కట్టె ఒకటేనా?

సందేహం: టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర ఉంటాం. గాలివానకు మా పెరట్లో పోస్ట్ ఓక్ (ఓక్‌లో ఒక రకం) చెట్టు కూలింది. బార్బెక్యూకి దాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలో ఇక్కడి తెలుగువాళ్ల కోసం ఒక కాగితం రాస్తున్నాను. ‘చెక్కను ఎప్పుడు చీల్చాలి, ఎప్పుడు సీజన్ చేయాలి’ అని మొదలుపెట్టాను. సీజన్ చేయడమంటే పచ్చి కట్టెలోని నీరు పోయేదాకా పేర్చి ఉంచడం. ఆ మాటకు అనువాద యంత్రం ‘మసాలా పట్టించడం’ అని ఇచ్చింది. ‘మాగబెట్టడం’ అందామనుకున్నాను. ‘ఎండబెట్టడం’ అంటే ఎండలో పెట్టడం కదా, మనం పేర్చేది కప్పు కింద కదా అని మా ఆవిడ అభ్యంతరం. ఏ మాట రాయాలి?

సమాధానం: ‘ఎండబెట్టడం’ అనే రాయండి. మీ ఆవిడగారు లేవనెత్తింది మంచి ప్రశ్న కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

‘ఎండబెట్టు’లో ఉన్న ‘ఎండ’ మనం గొడుగు వేసుకుని తప్పించుకునే ఎండ కాదు. ‘ఎండు’ అనే క్రియకు తుమర్థక రూపం (‘ఎండడానికి, ఎండేలా’ అనే అర్థమిచ్చేది) ‘ఎండన్’. దాని పక్కన ‘పెట్టు’ చేరితే ద్రుతం (చివరి నకారం) వల్ల పకారం బకారమై ‘ఎండఁబెట్టు’ అయింది. అరసున్న రాయడం మానేశాక ‘ఎండబెట్టు’గా మిగిలింది. ఉడకబెట్టు, నిలబెట్టు, ఆరబెట్టు అన్నీ ఇలా పుట్టినవే. ఉడికేలా చేయడం ఉడకబెట్టడం, ఎండేలా చేయడం ఎండబెట్టడం. అది ఎండకు జరగొచ్చు, నీడన గాలికీ జరగొచ్చు. ఆకులు ‘నీడన ఎండబెట్టి పొడి చేయండి’ అంటే మనకెవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. సూర్యుడి ఎండే కావాలనుకుంటే ‘ఎండలో పెట్టు’ అంటాం, విడిగా.

మీరు అడగలేదు గానీ, ‘ఆరబెట్టు’ జోలికి మాత్రం వెళ్లకండి. తెలుగులో ఆరడం వేరు, ఎండడం వేరు. పైన పట్టిన తడి పోతే ఆరడం: ఉతికిన బట్టలు ఆరతాయి, తలంటుకున్న జుట్టు ఆరుతుంది. లోపలి నీరు పోతే ఎండడం: చెరువు ఎండుతుంది, వడియాలు ఎండుతాయి, మిరపకాయ ఎండుతుంది. కట్టె విషయంలో ఈ తేడా ఎంత పదునుగా పనికొస్తుందో చూడండి. బాగా ఎండిన కట్టె ఒక వానకు తడిస్తే అది తడి కట్టె. గాలి తగిలేచోట రెండు రోజులుంచితే ఆరిపోతుంది. నిన్న కొట్టిన చెట్టుది పచ్చి కట్టె. దాని మీద చెయ్యి వేస్తే తడి అంటదు, కానీ ఓక్ వంటి గట్టి చెట్టయితే బరువులో సుమారు 40 శాతం నీరే. ఆ నీరు పోవడానికి నెలలు పడుతుంది. తడి ఆరుతుంది, పచ్చి ఎండుతుంది. మీ కాగితంలో ఈ రెంటినీ కలిపేస్తే చదివినవాళ్లు పచ్చి దుంగను రెండు రోజులు గాలికి పెట్టి పొయ్యిలో వేసేస్తారు. పైగా ‘కట్టె ఆరిపోయింది’ అంటే పొయ్యిలో మంట పోయిందనే అర్థమూ వస్తుంది. వంట కాగితంలో ఆ అయోమయం అక్కర్లేదు.

‘పచ్చి’ అన్నచోట ‘పచ్చ’ అని రాయకండి. రెండూ ఒకే ధాతువు బిడ్డలు. తమిళంలో ‘పచ్చై’ అన్న ఒక్క మాటే రంగునూ పచ్చిదనాన్నీ చెబుతుంది. తెలుగు మాత్రం పచ్చను రంగుకి, పచ్చిని స్థితికి పంచేసింది. ఈ ‘పచ్చి’కి ఎదురుమాట ఒకటి కాదు, వస్తువును బట్టి మారిపోతుంది. పచ్చి ఇటుకకు ఎదురు కాల్చిన ఇటుక, పచ్చిపాలకు కాచినపాలు, పచ్చికాయకు పండు. మిరపకాయకయితే పండుమిర్చి ఒకటి, ఎండుమిర్చి ఒకటి, రెండు దారులున్నాయి. కట్టెకు ఒకటే దారి, ఎండు కట్టె. ‘మాగబెట్టడం’ నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. మాగేది మామిడికాయ. పులుపు తీపై, గట్టిది మెత్తనై, రసం చేరాలి. కట్టెలో రసం చేరదు, పోతుంది. మాగిన కట్టె అంటే నాకు చెదపట్టి మెత్తబడ్డ మొద్దు కళ్లముందు కనిపిస్తోంది.

ఇక ‘చెక్క’. చెక్క అంటే కోసిన పలక, లేదా దాల్చినచెక్కలో లాగా బెరడు. పొయ్యిలో పెట్టేది కట్టె. అడితిలో గుమ్మాలకూ తలుపులకూ కొనేది కలప. వడ్రంగి చేతిలో అదే కర్ర. తెలంగాణలో చేతికర్రను కూడా కట్టె అంటారు. కొట్టిన మానును అడ్డంగా కోస్తే దుంగలు, దుంగను నిలువునా చీల్చితే పేళ్లు. ‘కట్టెపేడు’ ఎంత చక్కటి మాటో, వాడేవాళ్లు తగ్గిపోయారు. మీ కాగితంలోనైనా బతికించండి. వంటచెరకు అని కూడా రాయొచ్చు, అందులోని చెరకుకు తీపితో సంబంధం లేదు. అన్నట్టు, ‘కట్టె, కొట్టె, తెచ్చె’లో ఉన్నది ఈ కట్టె కాదు. వారధి కట్టెను, రావణుణ్ణి కొట్టెను, సీతను తెచ్చెను అని మూడు క్రియల్లో రామాయణం చెప్పడం అది.

మాంసానికి ‘కాల్చడం’ అన్న మాట మీ టెక్సస్ పద్ధతికి అంతగా అతకదు. మంటకు దూరంగా, మూత కింద, పొగలోనూ వేడిలోనూ గంటల తరబడి ఉంచుతారు కాబట్టి ‘పొగలో మగ్గబెట్టడం’ దగ్గరగా ఉంటుంది. పచ్చి కట్టె వేస్తే ఏమవుతుందో చెప్పడానికి మన వంటింట్లోనే మాట ఉంది: పొగచూరడం. కట్టెలోని నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చయి, మంట చల్లబడి, తెల్లటి చిక్కని పొగ కమ్ముతుంది. మాంసం చేదెక్కుతుంది.

మీ మొదటి పేరా నేనయితే ఇలా రాస్తాను. నచ్చితే వాడుకోండి.

‘చెట్టు పడగానే దుంగలుగా కోసి, పచ్చిగా ఉండగానే పేళ్లు చీల్చండి. చాలా రకాల కట్టె పచ్చిగా ఉన్నప్పుడే సులువుగా చీలుతుంది. బెరడు నీటిని బయటికి పోనివ్వదు, చీల్చిన ముఖాలూ కోసిన కొసలే పోనిస్తాయి. నేలకు తగలకుండా వాసాల మీద పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదలండి. ఓక్ పేళ్లు ఎండడానికి ఆరు నెలల నుంచి ఏడాది, లావుగా ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది. కొసలు పగిలి, బెరడు వదులై, రెండు పేళ్లు ఒకదానికొకటి కొడితే ఖంగుమంటే ఎండినట్టు. తేమ కొలిచే పరికరం ఉంటే ఒక పేడును అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద చూడండి, 20 శాతం లోపు ఉండాలి. ఎండిన కట్టె వానకు తడిస్తే కంగారు పడకండి, ఆరుతుంది.’