బందరుకోట బురదలో ఒక చెప్పు

చిరంజీవికి,

నీ బందరుకోట వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ మొత్తం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. ‘గత వైభవానికి మూగసాక్షి’ అని మొదలుపెట్టావు. మన పత్రికల్లో పాడుబడ్డ ప్రతి గోడా మూగసాక్షే కదా! ఆ తర్వాత డచ్చివాళ్ళు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, 1669లో ఫ్రెంచివాళ్ళు అని వరస చదివావు. అది రాయడానికి అంత ఎండలో కోట దాకా పోవడమెందుకు?

మూడో పేజీలో ఒక్క వాక్యముంది. తుమ్మచెట్ల వెనకనుంచి అడ్డదారిన వెళ్ళబోయి బురదలో దిగబడ్డావు, ఎడమకాలి చెప్పు ఊడిపోయింది. నవ్వుకోడానికి రాసి వదిలేశావు. నాకైతే వ్యాసం అక్కడే మొదలైంది.

ఎందుకంటే ఆ కోటకి అసలు కాపలా గోడలు కాదు, బురదే. చుట్టూ ఉప్పు చిత్తడి; అటువైపునుంచి మనిషన్నవాడు రాలేడని అప్పట్లో కోటలో ఉన్న ఫ్రెంచివాళ్ళ ధీమా. 1758 డిసెంబరులో చెందుర్తి దగ్గర వాళ్ళ మీద గెలిచిన ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ బందరు మీదికొచ్చాడు. 1759 ఏప్రిల్ 7 రాత్రి, సముద్రం పాటు మీదున్న వేళ, అంటే నీళ్ళు వెనక్కి తీసిన వేళ చూసుకుని దాడి మొదలెట్టాడు. కెప్టెన్ నాక్స్ సిపాయిలతో సరిగ్గా ఆ చిత్తడిలోంచే నడిచాడు. అది ఉత్తుత్తి దాడి, లోపలివాళ్ళ దృష్టి మళ్ళించడానికి. అసలు దెబ్బ వేరే వైపు పడింది. తెల్లారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడ్డవాళ్ళు పట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువమంది!

చీకట్లో, తుపాకి తడవకుండా పైకెత్తి పట్టుకుని ఆ అడుసు తొక్కిన సిపాయిల పేర్లు మనకి మిగల్లేదు. వాళ్ళ కాళ్ళకి ఏం తగిలిందో మాత్రం నీ ఎడమకాలికి తెలుసు. నాక్స్ పేరు అక్కడ తీసుకురా, ముందు కాదు.

నేనూ కుర్రతనంలో ఇదే కోట మీద ఇరవై పేజీలు రాసి ఓ వారపత్రికకి పంపాను. తిరిగొచ్చింది. అన్నీ తేదీలే, కోటలో నేను ఎక్కడున్నానో నాకే కనపడలేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు గోడమీద చెయ్యి వేసి చూశాను. ఇటుక పొడి పొడిగా రాలింది. వేలు నాలిక్కి తాకిస్తే ఉప్పు. 1864 నవంబరు 1న తుపాను ఉప్పెనై బందరు మీద పడి ముప్పైవేలమందిని పొట్టన పెట్టుకుందని అప్పటికే ఎన్నోసార్లు చదివాను గానీ, ఆ రుచి తగిలాకే రాయగలిగాను.

రెండో ప్రతి పంపే ముందు మరోసారి వెళ్ళిరా. ఫొటోలు తగ్గించు. వలలు బాగుచేసుకునేవాళ్ళు కనిపిస్తే వాళ్ళ పక్కన కూర్చుని పోటూ పాటూ ఏ వేళకో అడుగు; చరిత్ర అడగొద్దు, పాపం మర్యాదకి ఏదో ఒకటి కల్పించి చెబుతారు. పాటు వేళకి అదే చోటికి దిగు. ఈసారి చెప్పులు గట్టునే విడిచిపెట్టు.