దక్షిణాసియాలో ముస్లిం జనాభా: శాతంతో పాటు సంఖ్యనూ చూడాలి

భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంకల్లో ముస్లింలు ఎంతమంది, ఎక్కడ ఎక్కువ అని మీరు అడిగారు. 2011 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో జనగణన ఎన్యూమరేటరుగా ఇల్లిల్లూ తిరిగిన ఉపాధ్యాయుడిని కాబట్టి, అంకెలతో పాటు వాటిని సేకరించే తీరు గురించి కూడా చెబుతాను.

2011 లెక్కల ప్రకారం మన దేశంలో ముస్లింలు 17.22 కోట్లు, అంటే 14.2 శాతం. పాకిస్తాన్‌లో 2023 జనగణన ప్రకారం 96.35 శాతం, ఆ దేశ జనాభా 24 కోట్ల పైచిలుకు కాబట్టి ముస్లింల సంఖ్య 23 కోట్లు దాటింది. బంగ్లాదేశ్‌లో 2022 లెక్క ప్రకారం 91.04 శాతం, అంటే సుమారు 15 కోట్లు. చాలామంది పొరబడేది ఇక్కడే: పదిమందిలో తొమ్మిదిమంది ముస్లింలైన బంగ్లాదేశ్‌లో కంటే, ఏడుగురిలో ఒకరు ముస్లిం అయిన మన దేశంలోనే వారి సంఖ్య ఎక్కువ, అదీ మనవైపు పదకొండేళ్ల పాత లెక్క తీసుకున్నా సరే. నేపాల్‌లో 2021లో 5.09 శాతం, శ్రీలంకలో 2012లో 9.7 శాతం.

ఇక అంకెల వెనుక ఉన్న మనుషుల సంగతి. నాకిచ్చిన బ్లాకులో ఒక దూదేకుల కుటుంబం ఉండేది. మతం దగ్గర ఇస్లాం అని నమోదు చేసి, మాతృభాష దగ్గర అడగకుండానే ఉర్దూ అని రాయబోతుంటే ఆ ఇంటి పెద్దావిడ ఆపి, "మేం ఇంట్ల తెలుగే మాట్లాడుతం సారు, ఉర్దూ మాకు రాదు" అన్నది. ఆమె ఆపకపోతే ఒక కుటుంబం భాషను నేను తప్పుగా ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కించేవాడిని. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ అడగకుండా ఒక్క గడి కూడా నింపలేదు. పొరుగు దేశాల్లోనూ ఇంతే: శ్రీలంక ముస్లింలలో ప్రధాన వర్గమైన మూర్‌లలో అత్యధికుల మాతృభాష తమిళం. నేపాల్ దక్షిణాన ఉన్న తరాయి మైదాన ప్రాంతపు ముస్లింలలో ఎందరో మైథిలి, భోజ్‌పురి మాట్లాడతారు. అందుకే మతం లెక్కను చూసి భాషనూ, ఆచారాన్నీ ఊహించడం సరికాదు.

జనాభా పెరుగుదలకు మతమే కారణమనే మాట తరచుగా వినిపిస్తుంది. మన దేశంలో ముస్లింల వాటా 1951లో 9.8 శాతం ఉండి 2011 నాటికి 14.2కు చేరిన మాట నిజమే. అయితే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలుండగా 2019-21 నాటికి అది 2.36కు తగ్గింది, అదే కాలంలో హిందూ స్త్రీల సగటు 3.3 నుంచి 1.94కు వచ్చింది. తగ్గుదల ముస్లింలలోనే ఎక్కువ, రెండింటి మధ్య అంతరం కూడా కుదించుకుపోయింది. 1970లలో ఆరుకు పైగా ఉన్న బంగ్లాదేశ్ సగటు, మహిళా కార్యకర్తలు గడపగడపకూ వెళ్లి గర్భనిరోధక మాత్రలు అందించడం, ఆడపిల్లలు బడికి వెళ్లడం వంటి కారణాలతో 2.3కు దిగింది. పాకిస్తాన్‌లో 2017-18లో కూడా అది 3.6. రెండు చోట్లా మతం ఒక్కటే అయినప్పుడు ఈ తేడాకు మతం కారణమని ఎలా అనగలం?

పుట్టిన పిల్లలెందరు, బతికి ఉన్నవారెందరు అనే ప్రశ్నలు మా ఫారంలో ఉండేవి. తల్లి పదో తరగతి దాటిన ఇంట్లో, అది ఎవరి ఇల్లయినా, నాకు ఎక్కువగా వినిపించిన జవాబు ఇద్దరనే. పక్కనే ఉన్న మహబూబ్‌నగర్ జిల్లాలో ఆ ఏడాది స్త్రీల అక్షరాస్యత సగానికి కూడా చేరలేదు. ఆడపిల్లల చదువును వదిలేసి జనాభా గురించి వాదించడం నన్ను బాధిస్తుంది.

మన దేశంలో 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1 గణన తేదీగా ఖరారైంది. ఆ ఫలితాలు వచ్చేవరకు మీరు ఏ పట్టిక తయారుచేసుకున్నా, ప్రతి దేశం పేరు పక్కన లెక్క జరిగిన సంవత్సరం తప్పక రాసుకోండి.