పాటల హక్కుల కోసం పర్సనల్ లోనా?

ప్రశ్న: మాది విజయవాడ. వయసు 34. జీతం చేతికి 52 వేలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 18 వేలు, ఇంటి ఖర్చులు 26 వేలు. పాత సినిమా పాటల మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నాను, నెలకు 4 వేలు వస్తోంది. పది పాటలు ఏడాదిపాటు వాడుకోవడానికి ఒక మ్యూజిక్ కంపెనీ 2 లక్షలు అడిగింది. పాటలు ఉంటే స్పాన్సర్లు వస్తారని నా ఆశ. బ్యాంకులో 70 వేలే ఉన్నాయి. పర్సనల్ లోన్ తీసుకోనా, మా ఆవిడ బంగారం పెట్టనా?

జవాబు: రెండూ వద్దండీ. అనుమతి తీసుకునే వాడాలనుకోవడం బాగుంది. 30 సెకన్ల లోపు వాడితే ఏమీ కాదని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, కాపీరైట్ చట్టంలో ఆ లెక్కే లేదు. కానీ ఇంకా రాని స్పాన్సర్లను నమ్ముకుని ఇవాళ అప్పు చేయడమేమిటి? యూట్యూబ్ ఛానెల్ పెట్టేవాళ్లూ ఇదే పొరపాటు చేస్తున్నారు, అందుకే మీ ఉత్తరానికి జవాబిస్తున్నాను.

16 శాతం వడ్డీకి రెండేళ్ల లోన్ అనుకుంటే కిస్తీ సుమారు 9,800. పాడ్‌కాస్ట్ డబ్బులు కలిపినా మీకు నెలకు మిగిలేది 12 వేలు. పైగా లైసెన్సు ఏడాదికే, అప్పు రెండేళ్లకు. రెండో ఏడు పాటలు తీసేసి మరీ కిస్తీలు కడతారన్నమాట! ఇక బంగారం సంగతి, ఆమె ఒంటిమీది నగలతో మీ సరదా తీర్చుకోకండి.

నాకు కంగారు పుట్టించింది ఆ 70 వేలు. మీ ఇల్లు నడవడానికి నెలకు 44 వేలు కావాలి. ఉద్యోగం పోతే రెండు నెలలు కూడా గడవదు. ఆరు నెలలకు 2,64,000 ఉండాలి. ఆ 12 వేలూ ప్రతినెలా పక్కన పెడితే 16 నెలల్లో దాదాపు అక్కడికి చేరతారు. అప్పటిదాకా పాటలు కొనే మాట ఎత్తొద్దు.

తర్వాత కొన్నా, ఆ 2 లక్షలు రికార్డింగుకేనా, సాహిత్యం, బాణీల హక్కులకు ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, సంగీత దర్శకుల తరఫున రుసుము వసూలు చేసే సంఘం) దగ్గర విడిగా కట్టాలా అన్నది రాతపూర్వకంగా అడగండి. గడువు తీరాక పాత ఎపిసోడ్లు ఉంచవచ్చో లేదో కూడా. రికార్డింగు హక్కు 60 ఏళ్లకు తీరిపోతుంది కాబట్టి 1960కి ముందు పాటలు ఉచితం అనుకోకండి, రాసినవారు, బాణీ కట్టినవారు పోయాక మరో 60 ఏళ్లు వాళ్ల హక్కు ఉంటుంది. సమీక్ష కోసం కొద్దిగా వాడుకునే వెసులుబాటు సెక్షన్ 52లో ఉంది, లాయరును అడిగే ముట్టుకోండి. ఈలోగా మీ ఊళ్లో కీబోర్డు వాయించేవాళ్లతో ఒక చిన్న బాణీ కట్టించుకుని, హక్కులు మీ పేర రాయించుకోండి.