సార్, ఒక లైను వదిలేసిన్రు

ప్రశ్న: నమస్కారం సార్. నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ గెస్ట్ లెక్చరర్‌ని. మొన్న పార్టీల పాఠం చెబుతుంటే వెనక బెంచీ అబ్బాయి, "మేడమ్, ఏ పార్టీ వచ్చినా పైసలున్నోళ్ల మాటే నడుస్తది గదా, ఇదంతా ఎందుకు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. టెన్షన్‌తో నోట మాట రాలేదు. ఏం చెప్పాల్సింది?
– పేరు వద్దన్న పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఆ పిల్లగాడిని ముందు బెంచీకి పిలువమ్మా. వాడడిగిందే మార్టిన్ గిలెన్స్, బెంజమిన్ పేజ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు అమెరికాలో లెక్కగట్టారు. 1981 నుంచి 2002 దాకా 1,779 విధానాలు చూసి, 2014లో ఫలితం అచ్చేశారు: డబ్బున్నవాళ్లు, గట్టి లాబీలు కోరింది నడిచే అవకాశం ఎక్కువ, మామూలు మనిషి కోరికకు విడిగా బలం దాదాపు లేదు. దీనికి వేరేవాళ్లు అడ్డం తిరిగారు. ఉన్నవాళ్లూ మధ్యతరగతీ చాలా విషయాల్లో ఒకటే కోరుతున్నప్పుడు ఎవరి మాట నెగ్గిందో ఎట్లా తేలుస్తారన్నారు. ఈ తగాదాను క్లాసులో పెట్టు. కానీ అది అమెరికా లెక్క, మన దగ్గరా అంతేనని చెప్పకు.

మన దేశానిది కావాలంటే చటోపాధ్యాయ్, ఎస్తర్ డుఫ్లో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో రాసింది ఉంది. బెంగాల్‌లో బీర్భూమ్, రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ పంచాయతీలు చూశారు. మహిళా రిజర్వేషన్ వచ్చిన చోట మంచినీళ్ల పనులు ఎక్కువ జరిగాయి. ఆడవాళ్లు ఎక్కువగా అడిగేది కూడా నీళ్లే. అంటే కుర్చీలో ఎవరున్నారన్నది ఎంతోకొంత పనిచేస్తుంది. నీ పిల్లలను వాళ్ల వాళ్ల ఊళ్లకు పంపు. గత మూడు సార్లు సర్పంచ్ ఎవరు, సీటు ఎవరికి రిజర్వు, బోరు పడిందా సీసీ రోడ్డు పడిందా రాసుకు రమ్మను. పత్తి ఏరే రోజుల్లో మాత్రం పెట్టకు, సగం క్లాసు చేన్లలోనే ఉంటుంది.

నేనైతే 26 ఏళ్లు డిక్టేషనే ఇచ్చాను. ఒకసారి ముందు బెంచీ అమ్మాయి లేచి, "సార్, ఒక లైను వదిలేసిన్రు" అంది. చూస్తే దాని చేతిలో మూడేళ్ల కిందటి సీనియర్ నోట్‌బుక్కు! ఆ సాయంత్రం ఇంటికొచ్చి చాలాసేపు చాయ్ కూడా తాగలేదు.

ఒక హెచ్చరిక. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో 2019లో తేలిందేమిటంటే, తామే లెక్కలు చేసి నేర్చుకున్న పిల్లలకు పరీక్షలో మార్కులు ఎక్కువొచ్చాయి. వాళ్లకు మాత్రం లెక్చర్ విన్నప్పుడే బాగా అర్థమైనట్టు అనిపించిందట. కాబట్టి "మేడమ్ నోట్స్ ఇస్తలేరు" అని ప్రిన్సిపాల్ దగ్గరికి పోతారు, తప్పదు. చివరి పది నిమిషాలు నోట్స్ ఇచ్చెయ్, సెమిస్టర్ పరీక్ష వాళ్లకూ ఉంది కదా.

ఊళ్ల లెక్కలు వచ్చాక నాకు రాయి. ఆ వెనక బెంచీ అబ్బాయిది ఏ ఊరో కూడా.