డైస్ వేయించే ముందు

చిరంజీవి తమ్ముడికి,

వచ్చే ఆదివారం నుంచి డీఎం (ఆట నడిపించే డంజన్ మాస్టర్) సీట్లో నువ్వే కూర్చుంటున్నావు కదా. స్కిల్ చెక్‌లకు (పాత్ర ఒక పని చేయగలదో లేదో ఇరవై ముఖాల డైస్ వేసి తేల్చడానికి) హౌస్ రూల్స్, అంటే మీ బల్ల దగ్గరి సొంత రూల్స్, ఏం పెట్టుకోవాలని అడిగావు. మీరు ఆడేది తలో పాత్ర పోషిస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట అయిదో ఎడిషన్, అదీ 2014 రూల్స్ కాబట్టి ఆ లెక్కలోనే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఇది గుర్తుపెట్టుకో: డైస్ పడ్డాక ఆటలో ఏదో ఒకటి మారాలి. ఓడితే ఏమవుతుందో నీ దగ్గర జవాబు లేకపోతే అసలు వేయించకు. రోగ్ (దొంగ తరహా పాత్ర) తాళం తీస్తున్నాడు, కాపలా లేదు, కావలసినంత టైముంది. వేయించావనుకో, 4 పడుతుంది. "మళ్లీ చూస్తా" అంటాడు, 7 పడుతుంది. "ఇంకోసారి" అంటాడు. ఈలోగా మిగతావాళ్లు ఫోన్లు తీసేస్తారు. అలాంటప్పుడు తాళం తెరుచుకుందని చెప్పేసి ముందుకెళ్లు. కాపలావాడు దీపం పట్టుకుని మెట్లెక్కి వస్తున్నాడంటే మాత్రం వేయించు. అప్పుడు కూడా పడ్డదే లెక్క. కొత్త పనిముట్టో కొత్త ఉపాయమో దొరికితేనే రెండో అవకాశం.

డీసీ (గెలవాలంటే డైస్, బోనస్ కలిపి చేరాల్సిన అంకె) 5 నుంచి 30 దాకా పెట్టొచ్చు గానీ, మొదట్లో నీకు 10, 15, 20 చాలు. ఫస్ట్ లెవెల్‌లో ఎబిలిటీకి (పాత్రకున్న సహజ సామర్థ్యం) +3, ప్రొఫిషియెన్సీకి (నేర్చిన నైపుణ్యం) +2, మొత్తం +5 ఉన్నవాడు డీసీ 15 గెలవాలంటే 10 గానీ అంతకు పైన గానీ పడాలి, అంటే 55 శాతం. ఏ బోనసూ లేనివాడికి 30 శాతమే. రూల్‌బుక్‌లో 15ని మధ్యరకం అన్నారు కదా అని ప్రతిదానికీ అదే పెట్టేస్తే, ఆ స్కిల్ రానివాళ్లు మూడింట రెండుసార్లకు పైనే ఓడిపోతారు.

ఎక్కువ డీఎంలు తప్పటడుగు వేసేది అందరూ కలిసి వేసే చోట. గది వెతకమంటే ఐదుగురూ "నేనూ వేస్తా" అంటారు. ఒక్కొక్కరికి 30 శాతమే ఉన్నా, ఐదుగురిలో ఒక్కరైనా గెలిచే అవకాశం 83 శాతం. ఇక ఆ చెక్ పెట్టీ లాభం లేదు. అందుకని ఒకరే వెయ్యాలి, ఇంకొకరు సాయపడితే అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం) ఇవ్వు. ఇందాకటి 55 శాతం దాదాపు 80 అవుతుంది. కానీ సాయం చేసేవాడికి ఆ స్కిల్‌లో ప్రొఫిషియెన్సీ ఉండాలి, ఏం చేస్తున్నాడో నోటితో చెప్పాలి. ఉత్తినే "హెల్ప్ చేస్తున్నా" అంటే ఒప్పుకోకు.

దొంగచాటుగా దాటేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. 55 శాతం చొప్పున ఉన్న నలుగురూ గెలిచి తీరాలంటే మిగిలేది 9 శాతమే. అక్కడ గ్రూప్ చెక్ వాడు: సగం మంది గెలిస్తే అందరూ గెలిచినట్టే. అప్పుడది 76 శాతం దాకా వస్తుంది.

20 పడితే స్కిల్ చెక్ దానంతటదే గెలిచినట్టు కాదు, ఆ రూలు దాడులకే. ఎంత పడినా కుదరని పనికి డైస్ చేతికివ్వకు. 1 పడితే కత్తి జారిపోయింది, కాలు విరిగింది అనే శిక్షలూ వద్దు. ఎంత పనివాడైనా ప్రతి ఇరవైసార్లకు ఒకసారి నవ్వులపాలైతే ఆ పాత్ర మీద మోజు పోతుంది.

ఒకటో రెండో తక్కువ పడితే గెలుపే ఇచ్చి, వెల కట్టు. తాళం తెరుచుకుంది కానీ లోపల చువ్వ విరిగింది, ఆ చప్పుడు కాపలావాడి చెవిన పడింది. ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టాలు ఇలాంటి చోటే పుడతాయి.

కథ నడవడానికి తప్పనిసరైన ఆచూకీని మాత్రం చెక్ వెనక దాచకు. ఉత్తరం ఎలాగూ దొరకనీ. అది ఎవరి చేతిరాతో పోల్చుకోవడానికి డైస్ వేయించు.

వీటిని ఒక కాగితం మీద రాసి, ఆట మొదలుకాకముందే చదివి వినిపించు. ఎవరికైనా అభ్యంతరముంటే అప్పుడే మాట్లాడుకోండి. ఆట మధ్యలో రూలు మార్చాలనిపిస్తే ఆ రోజుకు ఆపుకుని, తరువాతి వారం మార్చు.

ఆశీస్సులతో,
అన్నయ్య